ఇతర లోకాల జీవులను ఎలా ఊహించుకోవాలి? బౌద్ధ విశ్వంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఆదివారం పూట పది పన్నెండు మందిమి కూర్చుని బౌద్ధ గ్రంథాలు చదువుకుంటాం. నేను డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయినవాణ్ని. అందుకని చదివినదాన్ని బొమ్మ వేసి చూపించమంటారు. చిక్కంతా అక్కడే. ప్రేతం వేయమంటే నా చెయ్యి దయ్యాన్ని వేస్తుంది, దేవత అంటే క్యాలెండర్ బొమ్మ వేస్తుంది. కొత్తగా ఎవరొచ్చినా అవే అనుమానాలు అడుగుతున్నారు కాబట్టి వాటికి జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడ మొదలుపెట్టండి.

## కాగితం పట్టకముందు

మొత్తం లోకాలు ఎన్ని? ఒకరు ఐదంటారు, ఒకరు ఆరంటారు, ఇంకొకరు ముప్పై ఒకటంటారు.

మూడూ సరైనవే, లెక్క వేసే తీరు వేరు. జీవుల గతులు, అంటే చచ్చాక పుట్టే తీర్లు, చెప్పేటప్పుడు పాత లెక్క ఐదు: నరకం, పశుపక్ష్యాదుల తిర్యక్ జన్మ, ప్రేతలు, మనుషులు, దేవతలు. అసురులను విడిగా లెక్కిస్తే ఆరు. ఒక్కో గతిలోని అంతస్తులన్నీ విడదీసి చెప్పే థేరవాద (శ్రీలంక, బర్మాల్లో నిలిచిన పాళీ శాఖ) లెక్క 31. అందులో కోరికలుండే కామలోకంలో 11, సూక్ష్మ శరీరం ఉండే రూపలోకంలో 16, శరీరమే లేని అరూపలోకంలో 4.

ఐదా ఆరా అన్నది చాలా పాత తగాదా. అసురులది వేరే గతి అని వాదించినవాళ్లలో అంధకులు ఉన్నారని శాఖల వాదాల గ్రంథమైన కథావత్థుకు పాళీలో ఉన్న అట్ఠకథ (వ్యాఖ్యానం) చెబుతుంది. అంధకులంటే ఆంధ్ర ప్రాంతపు బౌద్ధ శాఖలవాళ్లు. వాళ్లలో ఒకటైన అపరశైలీయుల పేరు నాగార్జునకొండ శాసనాల్లో కనిపిస్తుంది. అంటే ఈ అనుమానం మన కృష్ణ ఒడ్డున చాలా ముందే పుట్టింది.

ఇవన్నీ మన పురాణాల్లో ఉన్నవే కదా. కొత్తగా ఏముంది?

పేర్లు చాలావరకు అవే. ఇంద్రుడు, బ్రహ్మ, యముడు, కుబేరుడు, నాగులు, యక్షులు అందరూ ఉన్నారు, కానీ వాళ్ల హోదా మారింది. బౌద్ధంలో ఏ లోకమూ శాశ్వతం కాదు, ఏ దేవుడూ సృష్టికర్త కాడు. ఇంద్రపదవి కూడా పుణ్యం కరిగేదాకానే. నరకంలో ఉన్నవాడికీ ఒకనాడు విడుదల ఉంది. బొమ్మ వేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: మీరు వేస్తున్నది ఒక జాతిని కాదు, ఒక జీవి ప్రయాణంలో ఒక మజిలీని. నిన్న మనిషిగా ఉన్నవాడే ఇవాళ అక్కడున్నాడు.

ఈ లోకాలు నిజంగా ఉన్నాయా, మనసులోనే ఉన్నాయా?

సుత్తాలు, అంటే బుద్ధుడి ఉపదేశాలు, వాటిని ఉన్నవిగానే చెబుతాయి. కాకపోతే లోకం అనేది చూసే మనసును బట్టి మారుతుందని కూడా బౌద్ధులే గట్టిగా చెప్పారు. యోగాచారులు, అంటే అంతా మనసేననే బౌద్ధ శాఖవాళ్లు, చెప్పే ఉదాహరణ ఒకటుంది. మనిషికి నీళ్లుగా కనిపించేది దేవతకు అమృతం, చేపకు ఇల్లు, ప్రేతానికి చీము. సాగర్ డ్యామ్ దగ్గర నిలబడి ఈ మాట తలుచుకుంటే బాగా అర్థమవుతుంది. కింద ఉన్నది ఒకే కృష్ణ, దాన్ని చూసేవాళ్లు నలుగురు. మీరు నమ్మినా నమ్మకపోయినా బొమ్మకు ఈ ఉదాహరణ చాలు. మా గుంపులో రెండు రకాలవాళ్లూ ఉన్నారు, టీ మాత్రం ఒకే దగ్గర తాగుతాం.

మేం అంబేద్కర్ బాటలో బౌద్ధులమైనవాళ్లం. మాకు మళ్లీ ఈ దేవతల గోల ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మొదటిదే బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులను దేవుళ్లుగా నమ్మను, పూజించను అని. ఇక్కడ చెప్పే బొమ్మలేవీ పూజ కోసం కాదు. సుత్తాల్లో దేవతలే రాత్రివేళ వచ్చి బుద్ధుడికి మొక్కి, అనుమానాలు అడిగి పోతారు. వాళ్లు విద్యార్థులు. ఈ లోకాల లెక్క అక్కర్లేదనుకుంటే పక్కన పెట్టేయండి, అష్టాంగమార్గంలో ఒక్క మెట్టు కూడా తగ్గదు. కాకపోతే పాత శిల్పం ముందు నిలబడ్డప్పుడు ఎవరు ఎవరో తెలియాలంటే ఇది పనికొస్తుంది.

స్వర్గం పైన, నరకం కింద అని వేయొచ్చా?

వేయొచ్చు, పాత పటం కూడా దాదాపు అదే. నడుమ మేరు పర్వతం. బౌద్ధ పండితుడు వసుబంధుడు రాసిన అభిధర్మకోశం ప్రకారం అది నీటి మీద 80,000 యోజనాల ఎత్తు. చుట్టూ నాలుగు ద్వీపాలు. మనం ఉండేది దక్షిణాన, బండి ఆకారంలో ఉన్న జంబూద్వీపం. తూర్పుది అర్ధచంద్రాకారం, పడమటిది గుండ్రం, ఉత్తరానిది చదరం. ఏ ద్వీపం ఆకారం ఎలా ఉంటే అక్కడి మనుషుల ముఖాలూ అలాగే ఉంటాయట. చదరం ముఖాల ఉత్తరకురువాసులను మా పిల్లలు భలే ఇష్టంగా వేస్తారు. మేరువు దక్షిణం వైపు వైడూర్యం కాబట్టి మనకు ఆకాశం నీలంగా కనిపిస్తుందని అదే గ్రంథం అంటుంది. నరకాలు జంబూద్వీపం కింద ఉంటాయి. ప్రేతలకు వేరే పొలిమేర ఉన్నా, వాళ్లు మన మధ్యనే గోడల వెనకా కూడళ్లలోనూ తిరుగుతుంటారు.

చక్రంలో అన్ని లోకాలూ వేసిన పటం టిబెట్ వాళ్లది కదా?

వాళ్ల దగ్గర బాగా నిలిచింది, మొదలు మాత్రం ఇక్కడిదే. వేణువన విహారం గుమ్మం దగ్గర ఐదు గతులతో చక్రం వేయించమని బుద్ధుడే చెప్పాడని దివ్యావదానమనే కథల గ్రంథంలో ఉంది. నడుమ పావురం రాగానికి, పాము ద్వేషానికి, పంది మోహానికి గుర్తు. చదువు రానివాళ్లకు కూడా అర్థం కావాలని గుమ్మం దగ్గర ఒక భిక్షువును కూర్చోబెట్టి పటం వివరించేవారట. అజంతా 17వ గుహ వరండాలో అలాంటి చక్రం చిత్రం చెరిగిపోయి కొంతే మిగిలింది. టిబెట్ పటాల్లో పావురం బదులు కోడిపుంజు ఉంటుంది. గతులు ఆరవుతాయి, ఒక్కో గతిలో ఒక బుద్ధుడు కూడా నిలబడి ఉంటాడు.

## కింది లోకాలు

ప్రేతం అంటే మన దయ్యమేనా?

కాదు. దయ్యం అంటే మనకు భయం, అది మనల్ని పట్టుకుంటుంది. బౌద్ధ ప్రేతం ఎవర్నీ పట్టుకోదు. దాన్ని ఆకలి పట్టుకుంది. నేను మొదటిసారి వేసిన ప్రేతం కోరలతో, విరబోసుకున్న జుట్టుతో వచ్చింది. మా గుంపులో ఒకావిడ చూసి, "సార్, ఇది మనల్ని తినేటట్టు ఉంది, దానికి ఆకలైనట్టు లేదు" అంది. ఆ కాగితం చింపేశాను. బొమ్మ చూసినవాడికి భయం కాదు, జాలి కలగాలి.

సూది బెజ్జమంత నోరు, కొండంత కడుపు... అన్ని ప్రేతాలూ అలాగే ఉంటాయా?

లేదు. అది చాలా పేరుపడ్డ రూపం, ఒక్కటే రూపం కాదు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసిన లేఖగా చెప్పుకునే సుహృల్లేఖలో ఆ సూదినోటివాళ్లున్నారు. వాళ్లకు ఎండాకాలం చంద్రుడు కూడా వేడి, చలికాలం సూర్యుడు కూడా చల్లన. వాళ్లు చూస్తే చాలు నదులు ఎండిపోతాయి. పాలమూరులో బోరు మీద బోరు వేసి దుమ్ము తప్ప ఏమీ చూడని రైతుకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

పాళీ పేతవత్థులో 51 కథలున్నాయి, అందులో రూపాలు ఎన్నో. ఒకడికి ఒళ్లంతా బంగారం, ముఖం మాత్రం పందిది. శరీరాన్ని అదుపులో పెట్టుకున్నాడు, నోటిని పెట్టుకోలేదు. ఇంకొకడు వేటగాడు. ఒక మిత్రుడు బతిమాలితే రాత్రిళ్లు వేట మానుకున్నాడు. చచ్చాక రాత్రంతా భోగాలు అనుభవిస్తాడు, తెల్లారితే కుక్కలు పీక్కుతింటాయి. వీళ్లను వేయాలంటే శరీరాన్ని ఒక జమాఖర్చు పుస్తకంలా చదవాలి. ఏ అవయవం ఏ పని చేసింది, దానికి ఏం దక్కింది అని.

పెత్రమాస నాడు మనం పెట్టేది ప్రేతలకు అందుతుందా?

తిరోకుడ్డ సుత్తంలో ఒక దృశ్యం ఉంది. చనిపోయిన చుట్టాలు తమ పాత ఇంటికొచ్చి గోడ అవతల, కూడళ్లలో, గుమ్మాల పక్కన నిలబడతారు. లోపల విందు జరుగుతుంటుంది, వాళ్లను ఎవరూ తలుచుకోరు. దీని వెనక బింబిసారుడి కథ చెబుతారు. బుద్ధుడికి భోజనం పెట్టి ఆ పుణ్యం చుట్టాలకు ఇవ్వడం మరిచిపోయాడు, ఆ రాత్రి వాళ్లు ఘోరంగా ఏడ్చారు. మర్నాడు మళ్లీ దానం చేసి, "ఇది మా జ్ఞాతులకు చెందుగాక" అన్నాక వాళ్లకు తిండి, బట్ట దొరికాయి. అంటే పెట్టిన ముద్ద నేరుగా పోదు. దానం ఒకరికి చేస్తారు, పుణ్యం వాళ్లకు పంచుతారు, వాళ్లు సంతోషిస్తే అందుతుంది.

ఆ సాయంత్రమే మన ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. వాకిట్లో పాట, గోడ అవతల నిలబడి వినే పాతవాళ్లు. ఇలా ఒక బొమ్మ వేశాను. నేను వేసినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

బౌద్ధ నరకంలో కూడా యముడు ఉంటాడా? దున్నపోతు, గద, చిత్రగుప్తుడు?

యముడు ఉంటాడు, కానీ మన సినిమా యముడిలా గర్జించడు. దేవదూత సుత్తంలో ఆయన చేసే పని ప్రశ్నలు అడగడమే. "పసిబిడ్డను చూడలేదా? ముసలివాణ్ని చూడలేదా? రోగిని? శిక్షపడ్డ దొంగను? శవాన్ని?" ఈ ఐదుగురూ దేవదూతలే, నీకు కనబడలేదా అని. వచ్చినవాడు "చూశాను, కానీ పట్టించుకోలేదు" అంటాడు. ఆ తర్వాత యముడు మౌనంగా ఉండిపోతాడు. అదే సుత్తంలో ఇంకో వింత: ఆ యముడే "నేను కూడా మనిషిగా పుట్టి ఒక బుద్ధుడి దగ్గర ధర్మం వినాలి" అని కోరుకుంటాడు. అలసిపోయిన పెద్దమనిషిలా వేయండి, మీసాలు తగ్గించండి.

నరకంలో చావకుండా ఎన్నాళ్లుంటారు?

చేసిన కర్మ తీరేదాకా. లెక్క కోసం సుత్తాల్లో ఒక పోలిక ఉంది: కోసల దేశపు కొలతలో ఇరవై ఖారుల నువ్వుల బండి. నూరేళ్లకొకసారి ఒక్క గింజ తీస్తూ పోతే ఆ బండి ఖాళీ అవుతుందేమో గానీ అబ్బుద నరకంలో ఆయువు తీరదు. ఇది సారిపుత్తుడు, మొగ్గల్లానుడు అనే ఇద్దరు మంచి భిక్షువుల మీద నింద వేసిన కోకాలికుడి గురించి చెప్పిన మాట.

నరకం అంటే మంటలే కదా? చల్లటి నరకం అంటే నవ్వొస్తోంది.

మే నెలలో నల్లగొండలో వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఉత్తరాది సంప్రదాయంలో ఎనిమిది వేడి నరకాలతో పాటు ఎనిమిది చల్లటివీ ఉన్నాయి. వాటి పేర్లు వింటే చాలు. అటట, హహవ, హుహువ అనేవి పళ్లు కొట్టుకుంటూ వణికేవాళ్ల నోటి చప్పుళ్లు. ఉత్పల, పద్మ, మహాపద్మ అనేవి చలికి చర్మం పగిలి తామరరేకుల్లా విచ్చుకోవడం. ఇంత అందమైన పేరు ఇంత బాధకు పెట్టినవాడు కవి అయుండాలి. వేసేటప్పుడు ఎరుపు అసలు వాడకండి, బూడిద నీలం చాలు.

నరకంలో కొట్టే భటులు ఏ పాపం చేశారని అక్కడున్నారు? వాళ్లకు మంట తగలదా?

ఈ ప్రశ్న మా గుంపులో ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు. అతనికి తెలియదు గానీ ఇదే ప్రశ్న మీద పెద్ద చర్చే నడిచింది. భటులు నిజమైన జీవులేనని థేరవాదులు. కాదు, పాపుల కర్మే భటుల ఆకారంలో వచ్చి కొడుతుందని అంధకులు, అంటే మన ఆంధ్ర శాఖలవాళ్లు. తర్వాత వసుబంధుడు వింశతికలో దాదాపు ఇదే తర్కం వాడాడు. భటులు నరకజీవులే అయితే ఆ మంటకు వాళ్లూ తట్టుకోలేరు, ఇంక ఇతరులను ఎలా కొడతారని. నాకు అంధకుల వైపే మొగ్గు. అందుకే నా బొమ్మలో భటుడికి, దెబ్బలు తినేవాడికి ఒకే ముఖం ఉంటుంది.

నాగులు దేవతలా, జంతువులా?

మహిమలు దేవతలవి, పుట్టుక తిర్యక్. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఒక నాగుడి కథ ఉంది. పాము జన్మ మీద విసుగొచ్చి, కుర్రవాడి రూపంలో వచ్చి భిక్షువయ్యాడు. ఒకనాడు గదిలో ఆదమరిచి నిద్రపోయాడు. తెల్లవారుజామున తోటి భిక్షువు తలుపు తీస్తే గదంతా పాము చుట్టలే, కిటికీల్లోంచి బయటికి వేలాడుతున్నాయి. నిద్రలో అసలు రూపం దాగదు. బుద్ధుడు అతణ్ని పంపించేస్తూ, పున్నమి, అమావాస్య, అష్టముల్లో ఉపోసథ వ్రతం పాటించమన్నాడు, త్వరలోనే మనిషి జన్మ వస్తుందని. ఈనాటికీ భిక్షు దీక్షలో "నువ్వు మనిషివేనా?" అని ఒక ప్రశ్న అడుగుతారు.

శిల్పులు నాగరాజును రెండు తీర్లలో చెక్కారు: స్తూపానికి చుట్టుకున్న పాముగా, లేదా తల వెనక పడగలున్న మనిషిగా.

ఐరావతం స్వర్గంలో ఉంది కదా. అంటే స్వర్గంలో జంతువులు ఉన్నట్టేనా?

అంధకులు అవునన్నారు. థేరవాదులు ఒప్పుకోలేదు. అది ఏనుగు కాదు, శక్రుడు (ఇంద్రుడు) షికారుకు బయల్దేరినప్పుడు ఏనుగు రూపం కట్టే ఒక దేవుడు అన్నారు.

అసురులంటే రాక్షసులేనా? కొమ్ములు పెట్టాలా?

వద్దు. వాళ్లు ఒకప్పుడు ఇంద్రుడి లోకమైన త్రాయస్త్రింశ స్వర్గంలోనే ఉండేవాళ్లు. తాగి పడిపోయి ఉంటే శక్రుడు కిందికి నెట్టేశాడని అట్ఠకథలు చెబుతాయి. పోయిన ఇంటి మీద ఉక్రోషమే వాళ్ల జీవితం. టిబెట్ పటాల్లో ఒక చెట్టు ఉంటుంది, వేర్లు అసురుల దగ్గర, పండ్లు దేవతల దగ్గర. పొలం గట్టు మీద చింతచెట్టు తగాదా చూసినవాళ్లకు ఈ బొమ్మ వెంటనే ఎక్కుతుంది.

నాకు ఇష్టమైంది అసురరాజు వేపచిత్తి బంధనం. ఓడిపోయినప్పుడు అతణ్ని ఐదు కట్లతో దేవతల సుధర్మ సభకు తెస్తారు. "దేవతలదే ధర్మం" అనుకోగానే కట్లు ఊడిపోతాయి. "అసురులదే ధర్మం, అక్కడికే పోతా" అనుకోగానే మళ్లీ బిగుసుకుంటాయి. తాడు ఎలా వేయాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

## పై లోకాలు

దేవతలకు ఎన్ని చేతులు వేయాలి?

రెండే. సుత్తాల్లో దేవత వచ్చినప్పుడు వర్ణన దాదాపు ఒకటే: రాత్రి చాలా గడిచాక, అందమైన వర్ణంతో, బుద్ధుడుండే జేతవనమంతా వెలుగు నింపుతూ వచ్చి, నమస్కరించి ఒక పక్క నిలబడటం. ఆయుధాలు లేవు, వాహనం లేదు. ముందు వెలుగు, తర్వాత మనిషి. అమరావతి, నాగార్జునకొండ శిల్పుల దేవతలు తలపాగా చుట్టి నగలు పెట్టుకున్న మామూలు జనంలాగే ఉంటారు. బుద్ధుడి భిక్షాపాత్రను స్వర్గానికి మోసుకుపోయే అమరావతి ఫలకం ఒకటి చెన్నై మ్యూజియంలో ఉంది. చుట్టూ దేవతలు ఆనందంతో ఊగిపోతున్నారు, జాతరలో జనంలా.

ఇంద్రుడికి వెయ్యి కళ్లు వేయాలా?

వద్దు. ఆయన్ను సహస్రాక్షుడు అనడానికి బుద్ధుడు చెప్పిన కారణం వేరు: ఒక్క క్షణంలో వెయ్యి విషయాలు ఆలోచించగలడని. బౌద్ధంలో ఆయన పేరు శక్రుడు, 33 మంది దేవతల లోకానికి పెద్ద. పూర్వజన్మలో మఘుడనే పల్లెటూరి యువకుడు. దోస్తులతో కలిసి బాటలు బాగుచేసి, సత్రం కట్టించి ఆ పదవికొచ్చాడు.

ఆయన్ను వేయాలంటే ఈ ఘట్టం పట్టుకోండి. అసురుల చేతిలో ఓడి రథం మీద పారిపోతుంటాడు. ముందు బూరుగు అడవి, కొమ్మల్లో పక్షి గూళ్లు. "రథం వెనక్కి తిప్పు, అసురులకు ప్రాణాలిస్తా గానీ ఈ పిల్లలు చావకూడదు" అని సారథి మాతలితో అంటాడు. రథం తిరగడం చూసి, సైన్యం వచ్చిందేమోనని అసురులే పారిపోతారు.

దేవతలు ఎలా పుడతారు? చిన్నపిల్లలు ఉంటారా?

తల్లి కడుపు లేదు, ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతారు. దీన్ని ఉపపాదుక జన్మ అంటారు. నరకజీవులదీ అంతే. అభిధర్మకోశం లెక్కలో మొదటి స్వర్గంలో పుట్టినవాళ్లు ఐదేళ్ల పిల్లల్లా ఉంటారు. పైకి పోతున్నకొద్దీ ఆ ఈడు పెరిగి, ఆరో స్వర్గంలో పదేళ్ల పిల్లల్లా ఉంటారు. తొందరగానే ఎదుగుతారు. ఆ పై రూపలోకంలో నిండు శరీరంతో, బట్టలతో సహా పుడతారు. ఈ బట్టల సంగతి రాసిపెట్టినవాడి శ్రద్ధకు నేను దండం పెడతాను.

స్వర్గానికి పోవాలంటే పెద్ద పెద్ద దానాలు చేయాలా?

విమానవత్థు కథలు చూస్తే అలా అనిపించదు. ఆ 85 కథల్లో ఎక్కువగా ఆడవాళ్లే. ఒకామె రోగంతో, దిక్కు లేకుండా, ఎవరింటి పంచనో పడి ఉంది. ఆమె దగ్గరున్నది కాస్త గంజి. అదే బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడికి పోసింది. ఆ రాత్రే చనిపోయి నిర్మాణరతి దేవతల్లో పుట్టింది. అది మన ఇంద్రుడి లోకానికి మూడంతస్తులు పైన. శక్రుడే కాశ్యపుడి దగ్గరికొచ్చి ఆమె ఎక్కడ పుట్టిందని అడగాల్సొచ్చింది.

మా తాత మంచోడు. స్వర్గానికి పోయి ఉంటే ఒక్కసారైనా వచ్చి చెప్పొచ్చు కదా?

పాయాసి అనే పాలకుడు అచ్చం ఇదే అడిగాడు. కుమార కాశ్యపుడనే భిక్షువు ఇచ్చిన జవాబుల్లో రెండు చెబుతాను. త్రాయస్త్రింశంలో ఒక పగలూ రాత్రీ మన నూరేళ్లు. మీ తాత "రెండు రోజులు చూసుకుని పోయి చెబుదాం" అనుకున్నా ఇక్కడ మీరుండరు. రెండోది, దేవతలకు మనుషులు కంపు. నూరు యోజనాల దూరం నుంచే ముక్కు మూసుకుంటారట. పెంటగుంటలో పడ్డవాణ్ని తీసి, కడిగి, గంధం పూసి మేడ మీద కూర్చోబెడితే మళ్లీ దూకుతాడా అని అడిగాడు.

ఆ లోకంలో ఆయువు అక్కడి లెక్కన వెయ్యేళ్లు, మన లెక్కన 3 కోట్ల 60 లక్షల ఏళ్లు. ఇంకా పైనున్న తుషిత స్వర్గంలో 57 కోట్ల 60 లక్షల ఏళ్లు.

దేవతలు చచ్చిపోతారా? ముసలి దేవతను వేయొచ్చా?

చచ్చిపోతారు, కానీ ముసలితనంతో కాదు. ఐదు గుర్తులు కనిపిస్తాయి: మెడలో పూలు వాడతాయి, బట్టలు మాస్తాయి, చంకల్లో చెమట పడుతుంది, ఒంటి కాంతి తగ్గుతుంది, కూర్చున్న ఆసనం మీద మనసు నిలవదు. వేయడానికి ఇంతకంటే మంచి విషయం లేదు. చుట్టూ అందరి పూలూ తాజాగా ఉంటే ఒకరి మెడలోవి మాత్రం వాడిపోయాయి. అంతే వేయండి.

అప్పుడు తోటి దేవతలు "సుగతికి పో" అని దీవిస్తారు. వాళ్లకు సుగతి అంటే ఏదని భిక్షువులు అడిగితే బుద్ధుడు చెప్పిన జవాబు: మనిషి జన్మ.

మనిషి శరీరంతో స్వర్గానికి పోయినవాళ్లు ఉన్నారా?

మాంధాత అనే పాతకాలపు చక్రవర్తి. ఈ కథ అంటే కృష్ణాతీరపు శిల్పులకు ప్రాణం. అమరావతిలో చెక్కారు, జగ్గయ్యపేటలో చెక్కారు. మాంధాత చప్పట్లు కొడితే రత్నాల వాన కురిసేది. భూమి చాలక స్వర్గానికి పోయాడు, శక్రుడు సగం రాజ్యం ఇచ్చాడు. 36 మంది శక్రులు మారిపోయారు, ఈయన అలాగే ఉన్నాడు. చివరికి ఆ సగం కూడా చాల్లేదు, శక్రుణ్ని చంపుదామనుకున్నాడు. ఆ ఆలోచనతోనే ముసలితనం వచ్చింది. స్వర్గంలో మనిషి శరీరం విడవదు కాబట్టి జారి తన తోటలోనే పడ్డాడు.

బ్రహ్మకు నాలుగు తలలు వేయాలా?

ఒక్కటే. రూపలోకంలో బ్రహ్మ ఒకడు కాదు, చాలామంది. సనత్కుమార బ్రహ్మ త్రాయస్త్రింశానికి వచ్చినప్పుడు ఒక ముతక రూపం తయారుచేసుకుని వస్తాడు. ఎందుకంటే అతని అసలు రూపం ఇంద్రాది దేవతల కళ్లకు కూడా ఆనదు. వాళ్లకే కనబడనిదాన్ని మనం వేయాలంటే ఆ ముతక రూపమే గతి. అది పంచశిఖుడనే గంధర్వ కుమారుడిలా ఉండేదని సుత్తం చెబుతుంది.

అరూపలోకం ఎలా వేయాలి?

వేయకూడదు. అక్కడ శరీరం లేదు, మనసే. కాగితం పైభాగంలో నాలుగు వేళ్ల మేర ఖాళీ వదిలేయండి. మార్కులు వేసేవాళ్లకు మాత్రం ముందే చెప్పండి, వేయడం మరిచిపోయారనుకుంటారు.

బుద్ధుడి ధ్యానం చెడగొట్టబోయిన మారుడు నరకంలో ఉంటాడా?

అందరూ అలాగే అనుకుంటారు. అతనుండేది కామలోకంలో అన్నిటికంటే పైదైన పరనిర్మితవశవర్తి స్వర్గంలో. కొమ్ముల సైతాను కాదు, గిరిమేఖల అనే ఏనుగెక్కే రాజు. వికారంగా ఉండేది అతని సేన. ఎవరూ తన పొలిమేర దాటిపోకూడదన్నదే అతని యావ.

## మన చుట్టుపక్కల

మైసమ్మ, ఎల్లమ్మ, పోచమ్మలను ఈ లెక్కలో ఎక్కడ పెట్టాలి?

ఈ పేర్లు బౌద్ధ గ్రంథాల్లో లేవు, కాబట్టి వాళ్లను లాక్కొచ్చి ఒక గడిలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఊరి నేలను, చెరువు గట్టును పట్టుకుని ఉండే భూమి దేవతలు బౌద్ధంలో ఉన్నారు. పాటలిగ్రామంలో కోట కడుతున్నప్పుడు అక్కడి స్థలాల్లో దేవతలు ఉండటం బుద్ధుడు చూశాడు. దానం చేసి అందులో వాళ్లకూ భాగం పంచమన్నాడు, ఆదరిస్తే ఆదరిస్తారని. జీవాలను కోయమని మాత్రం ఎక్కడా అనలేదు.

చెట్టులో దేవత ఉంటుందంటారు. పిల్లలమర్రిలో కూడా ఉంటుందా?

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద నిలబడ్డవాళ్లకు ఈ అనుమానం రాకపోతేనే వింత. వినయంలో ఒక భిక్షువు చెట్టు నరుకుతాడు. అందులో ఉండే దేవత వద్దని వేడుకుంటుంది, అయినా ఆగడు, గొడ్డలి ఆమె బిడ్డ చేతికి తగులుతుంది. ఆమెకు అతణ్ని చంపాలన్నంత కోపం వస్తుంది. ఆపుకుని బుద్ధుడి దగ్గరికి పోతుంది. ఆయన ఆమెను మెచ్చుకుని ఖాళీగా ఉన్న ఇంకో చెట్టు చూపిస్తాడు. ఆ తర్వాతే భిక్షువులు చెట్లు నరకకూడదన్న నియమం వచ్చింది. బొమ్మలో దేవత మానులోంచి పుట్టుకొచ్చినట్టు వేయకండి. ఇంటావిడ వాకిట్లో నిలబడ్డట్టు వేయండి.

యక్షుడంటే ఎలా ఉంటాడు? మన చిందు యక్షగానంలో వేషం లాగానా?

చిందువాళ్ల కిరీటం, భుజకీర్తులు ఒక రాజసమైన ఊహ. పాత శిల్పంలో యక్షుడు పొట్టివాడు, బొజ్జ ముందుకు, లావు పూలదండ మోస్తూ నవ్వుతుంటాడు. ఆంధ్రదేశపు స్తూపాల మీద ఇలాంటి మరుగుజ్జులు చాలామంది. ఇతను ఉత్తరదిక్పాలకుడు కుబేరుడి మనిషి. మిగతా దిక్కులు కూడా పంచేసుకున్నారు: తూర్పున ధృతరాష్ట్రుడు, గంధర్వులు, దక్షిణాన విరూఢకుడు, కుంభాండులు, పడమట విరూపాక్షుడు, నాగులు.

## కళ్లు మూసుకున్నాక

ధ్యానంలో దేవతల రూపం ఊహించుకోవాలా?

థేరవాద పద్ధతిలో దేవతానుస్సతి అని ఒకటుంది, పది అనుస్మృతుల్లో ఒకటి. అందులో కిరీటం, నగలు తలుచుకోవడం ఉండదు. వాళ్లను అక్కడికి చేర్చిన శ్రద్ధ, శీలం, వినికిడి, త్యాగం, ప్రజ్ఞ, ఈ ఐదూ తలుచుకుని, "నాలోనూ ఇవి ఉన్నాయి" అని చూసుకోవాలి. బొమ్మలు వేసేవాడిగా నాకిది మొదట్లో మింగుడుపడలేదు.

నరకాల గురించి చదివినప్పటి నుంచి రాత్రి టెన్షన్‌గా ఉంటోంది. నేను చేసినవన్నీ గుర్తొస్తున్నాయి.

చదవడం కొన్నాళ్లు ఆపండి. రాత్రిపూట అసలే వద్దు. అంగుళిమాలుడి లాంటి హంతకుడికి కూడా దారి చూపిన ధర్మం ఇది, మనల్ని పట్టుకుపోవడానికి రాసింది కాదు. దాని బదులు మెత్త సుత్తం చదవండి: పొడుగువి, పొట్టివి, కనిపించేవి, కనిపించనివి, దూరానివి, దగ్గరివి, అన్ని జీవులూ సుఖంగా ఉండాలని. కనిపించనివాళ్లను భయం లేకుండా తలుచుకోవడానికి అది మంచి దారి. నిద్ర పట్టకపోవడం రోజుల తరబడి సాగితే డాక్టరును కలవండి, ఆలస్యం చేయకండి.

పక్కింటి పిల్లవాడికి పుట్టుకతో కాళ్లు వంకర. ఏ లోకంలో ఏ పాపం చేశాడో అంటున్నారు.

అననివ్వకండి. కర్మఫలం తీరు ఇదీ అదీ అని లెక్కగట్టబోతే మతి చెడుతుందని, ఆలోచించి తేల్చలేని నాలుగు విషయాల్లో దాన్ని ఒకటిగా బుద్ధుడు చెప్పాడు. పైగా ప్రతి బాధా పాత కర్మ వల్లే అన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. వాతం, పిత్తం, రుతువుల మార్పు, దెబ్బ కూడా కారణాలేనన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన జిల్లా మనది. మన దగ్గర ఈ మాట అనడానికి నోరెలా వస్తుంది?

చిన్నపిల్లలతో ఏ లోకం నుంచి మొదలుపెట్టించాలి?

నాగుడు. కిటికీల్లోంచి పాము చుట్టలు వేలాడే గది అంటే ఎగిరి గంతేస్తారు. తర్వాత పక్షిగూళ్ల కోసం వెనక్కి తిరిగిన రథం. నరకం పదో తరగతి దాటాక చూసుకోవచ్చు.

ఇవన్నీ రాతి మీద చూడాలంటే ఎక్కడికి పోవాలి?

నాగార్జునకొండ మ్యూజియం కృష్ణ నడుమ దీవి మీద ఉంది, ఆంధ్ర వైపు రేవు నుంచి లాంచీలో పోవాలి. సాగర్‌లో మనవైపు 274 ఎకరాల బుద్ధవనం ఉంది. అక్కడివి కొత్త శిల్పాలు, కథలు నేర్చుకోవడానికి పనికొస్తాయి. పాతది కావాలంటే ఫణిగిరి. ఒకప్పుడు మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. కొండ మీద స్తూపం, చైత్యగృహాలు, విహారాల పునాదులు ఉన్నాయి. 2000 తర్వాత జరిగిన తవ్వకాల్లో సిద్ధార్థుడి కథ చెక్కిన తోరణం ముక్కలు దొరికింది ఇక్కడే. పైన నీడ తక్కువ, నీళ్ల సీసా తీసుకుపోండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఎక్కితే ఎండ ఏటవాలుగా పడుతుంది. సున్నపురాతి మీద చెక్కడం ఏదైనా కనబడితే గీతలు అప్పుడే లేస్తాయి, పది దాటితే రాయంతా ఒకే తెలుపు.